సమస్య: "మూఁడు కనులవాని మోముఁ జెక్కె"

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను, అర్థం కుదిరేలా పై మూడు పాదాలు మీరు పూరించాలి. ముక్కంటి ముఖం చెక్కడమేమిటని కంగారు పడకండి. చేలోనో తోటలోనో పండేది ఏదో ఒకటి పద్యంలో ఉండాలి, ఈ ఎండల్లో దొరికేదైతే మరీ మంచిది. శిల్పి శివుడి విగ్రహం చెక్కాడని రాస్తే మాత్రం ఒప్పుకోను, అప్పుడిక సమస్యే ఉండదు.

తాటితోపు:
వేఁడియెండవేళ వీధిమూలను జేరి
తాటిగెలను దించి తనదు కత్తి
పట్టి యొక్క వేటు పైనఁ గొట్టిన తాత
మూఁడు కనులవాని మోముఁ జెక్కె

నిర్వాహకుడు: ముంజె అనకుండానే ముంజె తినిపించారు. "తనదు" వట్టి పూరణ పదం. "తళుకు కత్తి" అంటే గణమూ (గురులఘువుల లెక్క), యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన పొంతన) రెండూ నిలుస్తాయి.

కాలవగట్టు: నా పేచీ ఆ ఒక్క వేటు దగ్గర. మా సెంటర్లో ముంజెలమ్మే ఆయన్ని రోజూ చూస్తున్నాను. కాయ ఎడమచేత్తో పట్టుకుని పైనుంచి పల్చగా చెక్కుతూ పోతాడు. మూడో నాలుగో వేటుకి గాని కళ్లు బయటపడవు. ఒకేసారి లోతుగా నరికితే ముంజె తెగి నీళ్లన్నీ కారిపోతాయి, ఇక బొటనవేలు గుచ్చి జుర్రుకోవడానికి ఏం మిగులుతుంది?

తాటితోపు: నిజమే. "పట్టి నాల్గు వేట్లు" అని మార్చుకున్నాను.

పచ్చిపులుసు:
కోనసీమతోట కొబ్బరికాయకుఁ
బీచు వలిచి పైనఁ బిలక నుంచి
శివుని కిడఁగ నాన్న చేతిలో కత్తితో
మూఁడు కనులవాని మోముఁ జెక్కె

కాలవగట్టు: మూడు కళ్ల కాయ మూడు కళ్ల సామికి! ఆలోచన భలే ఉంది. కానీ అండీ, పీచు ఒలిచి పిలక ఉంచాక చెక్కడానికేముంది? కళ్లు ఆ పిలక కిందే ఉంటాయి, గుడిలో కాయ కొడతాం గాని చెక్కం. పైగా కొబ్బరి ఏడాది పొడుగునా ఉండేదే. తాటిచెట్టు అలా కాదు, ఎండల్లో ముంజె, వానల్లో తాటిపండు, ఆ టెంక పాతిపెడితే చలికాలానికి తేగ.

కొత్త కలం: తప్పులుంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.
ముంజె తినిన పిదపఁ బుడుతఁడు బండికై
కొమ్మ పంగఁ దెచ్చి కూర్చుకొనుచు
చక్రమట్లు దొర్లు చందము నరయుచు
మూఁడు కనులవాని మోముఁ జెక్కె

పచ్చిపులుసు: మొదటి పాదంలో ము–బు యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది. పు, ఫు, బు, భులకు ముకారంతో యతి ఉంది. నాకైతే ఇదే నచ్చింది. తినేసిన డిప్పలు రెండు పంగలకర్రకి గుచ్చి వీధంతా తోసుకుంటూ తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. దొర్లుతోందో లేదో చూసుకుంటూ మళ్లీ చెక్కడం, ఆ "అరయుచు"లో వాడి శ్రద్ధంతా ఉంది.

కాలవగట్టు: ఒక్క అనుమానం. మొన్న నేను తెచ్చిన కాయల్లో రెండు కళ్లవి కూడా వచ్చాయి. వాటికి పూరణ ఎలా?

నిర్వాహకుడు: కాయ మార్చి ఇమ్మనండి.