బొమ్మల పుస్తకం మూడు నిమిషాల్లో అయిపోతోంది. పెద్దవాళ్ళు ఎలా చదవాలి?

తెల్లకాగితం:
పిల్లల కోసం కాదు, నా కోసమే బొమ్మల పుస్తకాలు తెచ్చుకుంటున్నాను. నవలల అలవాటు వల్లనో ఏమో, కళ్ళు నేరుగా అక్షరాల మీదకే పోతున్నాయి. అట్ట తెరిచిన మూడు నిమిషాల్లో చివరి పేజీ. బాగుందనిపిస్తుంది గానీ ఏం బాగుందంటే చెప్పలేను. చదివే తీరులో ఏం మార్చుకోవాలి? ట్యాబ్‌లో చదివితే సరిపోతుందా, కాగితం పుస్తకమే కావాలా? ముందు ఎలాంటివి పట్టుకోవాలి?

పేజీమలుపు:
మొదటిసారి అక్షరాలు చదవకండి. ముందు అట్ట నుంచి వెనకట్ట దాకా బొమ్మలే చూస్తూ వెళ్ళండి, కథ మీరే ఊహించుకోండి. ఎదురెదురు రెండు పేజీలనీ కలిపి స్ప్రెడ్ అంటారు. ఒక్కో స్ప్రెడ్ దగ్గర ఇరవై సెకన్లయినా ఆగండి, మొదట్లో అదే చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది. రెండోసారి అక్షరాలు, అదీ పైకి చదవండి. ఈ వాక్యాలు నోటి కోసం రాసినవి, మనసులో చదువుకుంటే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలీదు. మూడోసారి రెండూ కలిపి చదువుతూ ఒక్కటే వెతకండి: బొమ్మలో ఉండి మాటల్లో లేనిదేమిటి?

దీనికి ప్యాట్ హచిన్స్ 'రోజీస్ వాక్' (1968) మంచి పాఠం. మొత్తం 32 మాటలు, ఒకే వాక్యం. కోడిపెట్ట దొడ్డంతా తిరిగి భోజనం వేళకి ఇల్లు చేరింది, మాటలు చెప్పేది అంతే. బొమ్మల్లో మాత్రం వెనకాలే నక్క. దంతె మీద కాలేస్తే కర్ర లేచి మూతికి తగులుతుంది, తర్వాత చెరువులో పడుతుంది, గడ్డిలో కూరుకుపోతుంది. నక్క అనే మాట పుస్తకంలో ఎక్కడా లేదు. అక్షరాలే చదివితే అసలు కథే లేదన్నమాట. ఇంకోటి, నక్క దూకేది ఒక స్ప్రెడ్‌లో, దెబ్బ తినేది పేజీ తిప్పాక. నవ్వంతా ఆ తిప్పడంలోనే ఉంది. అందుకే కుడి పేజీ మూల పట్టుకుని ఒక్క క్షణం ఆగి, ఏం జరగబోతోందో అనుకుని, అప్పుడు తిప్పండి. గబగబా తిప్పేస్తే హాస్యం కిందపడి పగులుతుంది.

కుట్టుదారం:
పై జవాబుకి ముద్రణ వైపు నుంచి కొంచెం. బొమ్మల పుస్తకాల్లో చాలావాటికి 32 పేజీలే ఉంటాయి. పెద్ద షీటుకి రెండు వైపులా అచ్చేసి, మడిచి, అంచులు కోస్తే 8 లేదా 16 పేజీల మడతలు వస్తాయి, వాటిని కలిపి కుడతారు. అందుకే పేజీల లెక్క సాధారణంగా ఆ గుణిజాల్లోనే. పేరు పేజీ, హక్కుల పేజీ లాంటివి పోగా కథకి సుమారు 12 నుంచి 14 స్ప్రెడ్లు మిగులుతాయి. అంటే పేజీ తిప్పడాలు పన్నెండో పదమూడో, అంతే. ఏదీ వృథా చేయడానికి ఉండదు.

ఈ లెక్క తెలిశాక మారిస్ సెండాక్ 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' (1963) తీసి, పక్కన స్కేలు పెట్టుకోండి. మొదట బొమ్మ తెల్లటి కాగితం మధ్య చిన్నగా ఉంటుంది. కుర్రాడు తన ఊహల్లోకి వెళ్ళేకొద్దీ అది పెరిగి, అంచులు మింగి, ఎదుటి పేజీలోకి కూడా పాకుతుంది. రాక్షసుల గంతుల దగ్గర వరసగా మూడు స్ప్రెడ్లలో ఒక్క మాటా లేదు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ చిన్నదవుతూ వచ్చి, చివరి పేజీలో బొమ్మే ఉండదు, కొద్ది మాటలు మాత్రమే. స్కేలు పెట్టకపోయినా కంటికి తెలుస్తుంది, కానీ కొలిస్తే ఎక్కడెక్కడ ఎంత పెరిగిందో దొరుకుతుంది.

ట్యాబ్ సంగతి. నిలువుగా పట్టుకుంటే స్ప్రెడ్ రెండు ముక్కలై ఒక్కో పేజీయే కనిపిస్తుంది, అడ్డంగా తిప్పి చూడండి. అట్ట లోపలి వైపు అంటించే ఎండ్‌పేపర్లని డిజిటల్ ప్రతుల్లో, పేపర్‌బ్యాకుల్లో చాలాసార్లు తీసేస్తారు. కథ ముందు వెనకల ఎండ్‌పేపర్లు వేర్వేరుగా ఉన్నాయంటే, మధ్యలో ఏం మారిందో అవే చెబుతున్నాయని అర్థం. గట్టి అట్ట పుస్తకమైతే పైన తొడిగిన జాకెట్ విప్పి చూడండి, కింద వేరే బొమ్మ ఉండొచ్చు. లైబ్రరీ ప్రతుల్లో దాన్ని టేపుతో అంటించేస్తారు, పీకొద్దు.

కొత్త పుస్తకాన్ని మధ్యకి విరిచి తెరవకండి. వీపు మీద నిలబెట్టి, ముందు నుంచి నాలుగు ఆకులు, వెనక నుంచి నాలుగు ఆకులు, ఇలా మార్చి మార్చి మెల్లగా నొక్కుతూ మధ్యకి రండి. లేకపోతే జిగురు పగిలి అదే చోట ఎప్పుడూ తెరుచుకుంటుంది.

అడ్డుగీత:
మూడుసార్లు చదవడం మంచిదే, కానీ ప్రతి పుస్తకానికీ అంత ఓపిక దండగ. ముందు చిన్న పరీక్ష: బొమ్మల్ని కాగితంతో మూసి చదవండి. ఏమీ పోయినట్టు అనిపించకపోతే బొమ్మలు అలంకారానికే ఉన్నాయి, పక్కన పెట్టేయండి. నీతి ఏమిటా అని వెతకడం కూడా మానండి, పెద్దవాళ్ళకి ఉండే పెద్ద జబ్బు అది.

'గుడ్‌నైట్ మూన్' (1947) చూశారా? పైకి అదే గది మళ్ళీ మళ్ళీ. గోడ గడియారం చూడండి, ఏడు గంటల దగ్గర మొదలై ఎనిమిది గంటల పది నిమిషాల దాకా నడుస్తుంది. గది కొంచెం కొంచెంగా చీకటిపడుతుంది. గదిని చూపించే ప్రతి రంగుల పేజీలోనూ ఒక ఎలుక ఉంది, చోటు మారుస్తూ. ఎలుక ఎక్కడుందో పసిగట్టకుండా పేజీ తిప్పనని పట్టుపడితే మూడు నిమిషాలు ఎలాగూ చాలవు.

తెల్లకాగితం:
ఎలుక సంగతి నాకు తెలీనే తెలీదు! అయితే మాటలే లేని పుస్తకాలతో మొదలుపెడితే కళ్ళు వాటంతటవే బొమ్మల మీదకి వస్తాయి కదా?

పేజీమలుపు:
అలా అనిపిస్తుంది గానీ సాధారణంగా బెడిసికొడుతుంది. చదవడానికి ఏమీ లేదని చెయ్యి ఇంకా తొందరగా తిప్పేస్తుంది. ముందు వంద మాటల లోపువి నాలుగైదు చూడండి, ఆ తర్వాత మాటల్లేనివి. అప్పుడు కూడా ఒక్కో స్ప్రెడ్‌కి ఒక్క వాక్యం మీరే పైకి చెప్పండి. వాక్యం రాని చోట ఏదో చూడకుండా దాటేశారని లెక్క, ఒక పేజీ వెనక్కి వెళ్ళండి. పసుపు బల్బు కింద మాత్రం వద్దు, నీటిరంగుల్లో లేత నీలాలు బూడిదగా కనిపిస్తాయి. పగటివేళ కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట కూర్చుంటే చాలు.