కాన్పు సంచిలో ఏమేమి సర్దుకోవాలి? రాయగడ, పర్లాకిమిడి వైపు వారు చెప్పండి

రాయగడ కోడలు
అందరికీ నమస్కారం. నాకు 34వ వారం నడుస్తోంది, తొలిచూలు. పుట్టిల్లు ఆంధ్రలోని పార్వతీపురం, మెట్టినిల్లు సరిహద్దు అవతల ఒడిశాలోని రాయగడ. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ పట్టుబట్టింది. కానీ మొదటి నుంచీ ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలోనే చూపించుకుంటున్నాను, కాగితాలన్నీ ఇక్కడివే. చివరికి కాన్పు రాయగడలో, పదకొండో రోజు స్నానం అయ్యాక పుట్టింటికి అని పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. తోడుగా అమ్మ ఉంటుంది. ఆమెకు ఒడియా రాదు. ఫోనులో కనిపించే జాబితాలన్నీ ప్రత్యేక గది తీసుకునేవారి కోసం రాసినట్టున్నాయి. జనరల్ వార్డులో మంచం కింద పెట్టుకునే సంచిలో నిజంగా అక్కరకు వచ్చేవి ఏవి? కాన్పు పుష్యమాసంలో. మా వైపు చలి మీకు తెలిసిందే.

గుణుపురం అమ్మ
చెల్లీ, ఇద్దరు పిల్లల తల్లిగా చెబుతున్నాను, ఒక సంచి కాదు, రెండు సర్దుకో. పెద్దది వార్డుకు, చిన్నది కాన్పు గదికి.

మొదటిసారి నేను అన్నీ ఒకే బ్యాగులో కుక్కాను. నన్ను లోపలికి తీసుకువెళ్లాక నర్సు తలుపు తీసి "పురుణా లుగా" అని అడిగింది. మా అమ్మ బిత్తరపోయింది. పాత బట్ట అడుగుతున్నారని పక్క మంచం ఆవిడ చెబితే, కంగారుగా బ్యాగు మొత్తం నేల మీద బోర్లించింది. పైన నా చీరలు, అడుగున పసిబిడ్డ గుడ్డలు, నడుమ మూత ఊడిన కొబ్బరినూనె సీసా. నూనె అంటనిది ఒక్కటే దొరికింది, మా నాన్న పాత పంచె ముక్క. నా కూతురిని అందులోనే చుట్టి నా గుండెల మీద పెట్టారు. ఆ ముక్కను ఇప్పటికీ దాచుకున్నాను.

రెండోసారి చిన్న గుడ్డసంచిలో ఇవే పెట్టాను: పొత్తిగుడ్డలు నాలుగు, ఊలు టోపీ, మేజోళ్లు, నాకు ఒక వదులు నైటీ, ఒక ప్యాడ్ల పొట్లం. గుడ్డలు నాలుగు ఎందుకంటే, పుట్టగానే బిడ్డ ఒళ్లు తుడిచిన గుడ్డ తడిసిపోతుంది, దానిలోనే చుట్టి ఉంచితే బిడ్డ చల్లబడుతుంది. తడిది తీసేసి పొడిదానిలో చుట్టాలి, తలకు టోపీ పెట్టాలి. కొత్త బట్ట కొనవద్దు, గంజి బిరుసు పసి చర్మాన్ని గీరుతుంది. పాత నూలు చీరను చదరాలుగా కత్తిరించి, సబ్బుతో ఉతికి, మండుటెండలో ఆరేసి, ఇస్త్రీ చేసి శుభ్రమైన కవరులో పెట్టు. నూనెలు, పౌడర్లు ఏవీ ఆ సంచిలో వద్దు.

పర్లాకిమిడి పంతులమ్మ
గుడ్డల సంగతి అక్కగారు చెప్పేశారు. నేను కాగితాల గురించి చెబుతాను, ఎందుకంటే మా సరిహద్దు వాళ్లం అసలు ఇబ్బంది పడేది అక్కడే.

తల్లీబిడ్డల రక్షణ కార్డు, స్కానింగు, రక్తపరీక్షల రిపోర్టులు, భార్యాభర్తల ఆధార్ నకళ్లు, నీ పేరు మీదే ఉన్న బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ నకలు. పాసుబుక్కు ఎందుకంటే, ప్రభుత్వాసుపత్రిలో కాన్పు అయితే జననీ సురక్షా యోజన కింద ఒడిశాలో గ్రామీణ తల్లికి 1,400, పట్టణ తల్లికి 1,000 రూపాయలు ఖాతాలోనే వేస్తారు. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం వల్ల సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజుల వరకు భోజనం పెడతారు. తిరిగి ఇంటికి చేర్చే బండి కూడా అందులోదే, అడిగి తీసుకోండి. రాయగడలో కాన్పు అనే మీ నిర్ణయం మంచిదే. ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) మన ఒడిశా రేషన్ కార్డుకు వర్తించదు.

ఇక పేర్లు. మనకు ఇంటిపేరు ముందు, ఇక్కడివాళ్లకు చివర. నోటితో చెబితే ఒడియా ఉచ్చారణలో రాసేస్తారు. మా అబ్బాయి జనన పత్రంలో నా పేరులోని ‘వ’ కాస్తా ‘బ’ అయిపోయింది. వసంత అంటే బసంత అని రాయడం వాళ్లకు సహజమే, తప్పు వాళ్లది కాదు, కాగితం ఇవ్వని నాది. దిద్దించడానికి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. తల్లి పేరు, తండ్రి పేరు, చిరునామా ఆధార్‌లో ఉన్నట్టే ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో రాసిన కాగితం ఫైలులో పైనే పెట్టు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరికకైనా, ఆధార్‌కైనా జనన పత్రమే ఆధారం. బిడ్డ ఎక్కడ పుడితే నమోదు అక్కడే, 21 రోజులలోపు. బిడ్డ పేరు వెంటనే రాయనక్కరలేదు, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు.

మీ అమ్మగారి కోసం ఇంకో కాగితం. పాణి (నీళ్లు), గరమ్ పాణి (వేడినీళ్లు), పురుణా లుగా, రక్త, ఔషధ వంటి పది ఒడియా మాటలు తెలుగు అక్షరాలలో, పక్కనే అర్థంతో రాసి ఇవ్వు.

బరంపురం నాన్న
మగవాడిగా మధ్యలో మాట్లాడుతున్నందుకు మన్నించండి. మా ఆవిడకు 36వ వారంలో బీపీ పెరిగి, ఊరి ఆసుపత్రి నుంచి బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికి పంపారు. ఆ ఆసుపత్రికున్న పేరు పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతిదే. అంతకు ముందు చూపించుకున్న ఒక క్లినిక్కు వాళ్లు స్కానింగు రిపోర్టు తమ దగ్గరే ఉంచుకుని మాకు చిన్న చీటీ ఇచ్చారు. అర్ధరాత్రి డాక్టరు గారు రిపోర్టు అడిగితే నా చేతిలో ఆ చీటీ తప్ప ఏమీ లేదు. మళ్లీ స్కానింగు అయ్యేదాకా మా ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను. తమ్ముడికి (మీ ఆయనకు) నా మాటగా చెప్పండి: అసలు కాగితాలు ఈ రోజే తెచ్చి ఒకే ఫైలులో పెట్టమనండి. రక్తం ఇవ్వగలిగిన ఇద్దరిని ముందే అడిగి, వారి నంబర్లు కాగితం మీద కూడా రాసుకోమనండి. మా ఆవిడది ఓ నెగెటివ్, ఆ రాత్రి నా ఫోను చార్జింగు అయిపోయింది.

తోడు ఉండేవారి కోసం చాప, దుప్పటి, టార్చి, స్టీలు గ్లాసు, ఫ్లాస్కు, మగ్గు, చిల్లర నోట్లు.

కోరాపుట్ సిస్టరు (విశ్రాంత నర్సు)
సంచి 36వ వారానికల్లా సిద్ధంగా ఉండాలి. సంచి సర్దడం పూర్తి కాలేదని మాత్రం ఎవరూ ఇంట్లో ఆగవద్దు. ఉమ్మనీరు పోతే టైము, రంగు చూసుకుని వెంటనే బయలుదేరండి. ఆకుపచ్చగా ఉంటే ఆ మాట ఆసుపత్రిలో అడుగు పెట్టగానే చెప్పండి. రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా నొప్పులు వచ్చేదాకా చూడకూడదు. 102కు ఫోను చేస్తే గర్భిణులకు ఉచితంగా బండి వస్తుంది. ఆశా దీదీ నంబరు గోడ మీద రాసి ఉంచండి. కొండమీది ఊళ్ల గర్భిణులకు ‘మా గృహ’ అనే ప్రభుత్వ వసతి ఇళ్లు ఉన్నాయి, గడువుకు కొన్ని రోజుల ముందే వచ్చి ఉండవచ్చు.

నెగెటివ్ గ్రూపు తల్లులకు పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటలలోపు యాంటీ-డి ఇంజెక్షను పడాలి. గ్రూపు కార్డు ఫైలులో పైన ఉండాలని నేను పోరేది అందుకే. బిడ్డకు పుట్టిన 24 గంటలలోపు హెపటైటిస్-బి, వెళ్లేలోపు బీసీజీ, పోలియో చుక్కలు పడ్డాయా అని అడిగి కార్డులో రాయించుకోండి.

పాలసీసా, పాలపొడి సంచిలో పెట్టుకోవద్దు. గంటలోపు ముర్రుపాలు పట్టాలి.

జయపురం మామ్మ
మా రోజుల్లో పుట్టగానే తేనె నాకించేవాళ్లం, ఆముదం చుక్క వేసేవాళ్లం. నేను పెంచిన నలుగురూ బాగానే ఉన్నారు. చిన్న తేనె సీసా పెట్టుకోవడంలో తప్పేమిటి తల్లీ?

కోరాపుట్ సిస్టరు
మామ్మగారూ, మీ చేతుల్లో పెరిగిన పిల్లలు చల్లగా ఉండాలి. కానీ తేనెలో ఒక్కోసారి ఉండే సూక్ష్మజీవిని ఏడాది నిండని పేగు తట్టుకోలేదు, నరాలు పట్టు తప్పే జబ్బు వస్తుంది. ఆముదంతో విరేచనాలు పట్టుకుంటాయి. మొదటి రోజు స్నానం కూడా వద్దండి, ముఖ్యంగా ఈ చలిలో. మీరు మీ చేతులతో కాచిన కాయం (బాలింతకు పెట్టే మందు) మాత్రం తల్లికి డాక్టరును అడిగి, ఇంటికి వచ్చాక పెట్టండి.

జయపురం మామ్మ
సరే తల్లీ. తేనె సీసా తీయించేస్తాను. మా మనవరాలికీ నెలలు నిండుతున్నాయి.

రాయగడ కోడలు
ఒక చిన్న సందేహం. ప్యాడ్లు ఎన్ని? సిజేరియన్ అయితే వేరే బట్టలు కావాలా?

గుణుపురం అమ్మ
పెద్దసైజువి రెండు పొట్లాలు. గంటకు ఒకటి తడిసిపోతుంటే సిగ్గుపడకుండా నర్సును పిలవాలి. కోత పడితే నడుము బిగుతుగా ఉండేవి ఏవీ వద్దు. ముందు బొత్తాలున్న వదులు నైటీలు మూడు చాలు, పాలు ఇవ్వడానికీ అవే వీలు. హవాయి చెప్పులు మరిచిపోకు, అక్కడి స్నానాల గది నేల జారుతుంది.

రాయగడ కోడలు
ఇవాళ బిడ్డకు పన్నెండో రోజు. ఆడపిల్ల, మామూలు కాన్పు. నా ఒడిలో పడుకుంది, ఒక చేత్తో టైపు చేస్తున్నాను.

తెల్లవారుజామున మూడింటికి ఉమ్మనీరు పోయింది. గడియారం చూశాను, రంగు తెల్లగానే ఉంది. బండి వచ్చేలోపు మా ఆయన ఫైలు, రెండు సంచులు గుమ్మంలో పెట్టారు. మజ్జిగౌరమ్మకు దండం పెట్టుకుని బయలుదేరాం. కాన్పు గది తలుపు తెరుచుకోగానే, నర్సు నోరు విప్పేలోపే "పురుణా లుగా" అంటూ మా అమ్మ చిన్న సంచి అందించిందట. ఆ పది మాటల చీటీని కొంగున ముడి వేసుకుని దారి పొడవునా చదువుకుందట. నర్సు ఆమె భుజం తట్టి లోపలికి వెళ్లారని మా ఆయన చెప్పారు.

పంతులమ్మ గారూ, పేర్ల కాగితం చూసి గుమస్తా అక్షరం తప్పు లేకుండా ఎక్కించుకున్నారు. చలికి ఇంకో రెండు టోపీలు పెట్టుకోవలసింది, ఒకటి తడిసిపోతే ఆరడానికి రోజంతా పట్టింది. బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంచాం. ఇరవై ఒకటో రోజున పార్వతీపురంలో ఉయ్యాలలో వేసి పెడతాం.