పాదు, ఆలవాలం: పెరటి మాట, పద్యపు మాట

ప్రశ్న

అందరికీ నమస్కారం. మొన్న తొలకరికి మొదటిసారిగా మేడ మీద కుండీలలో రెండు చోట్ల బీర గింజలు పెట్టి, నాలుగు వంగమొక్కలు నాటాను. కింద ప్రహరీ పక్కన ఉన్న కాస్త నేలలో ఒక నిమ్మమొక్క కూడా వేశాను. ఊళ్ళో ఉన్న మా అమ్మమ్మ ఫోను చేసి ముందు "నిమ్మకు పాదు చేశావా?" అని అడిగింది. ఆ వెంటనే "బీరపాదు పందిరెక్కిందా?" అన్నది. మొదటి పాదు నీళ్ళు నిలిచే గుంట అనీ, రెండవది తీగ అనీ తెలిసింది కానీ, గుంటకూ తీగకూ ఒకే పేరు ఎలా వచ్చిందో అర్థం కాలేదు. చెట్టు పాదం దగ్గర ఉంటుంది గనుక ఇది సంస్కృతంలోని పాదం నుంచే వచ్చి ఉంటుందని మావారు అంటున్నారు. పెద్దలు చెప్పగలరు.

సమాధానం

నమస్కారమమ్మా. మీ వారి ఊహ సహజమైనదే గానీ, పాదుకూ పాదానికీ పోలిక ధ్వనిలోనే ఉన్నది. మొక్కలు పెంచే చిన్న మడిని తమిళులు పాత్తి అంటారు, చెట్టు చుట్టూ నీళ్ళకోసం చేసే పల్లాన్ని కన్నడిగులు పాతి అంటారు. మన పాదు వీటికి తోబుట్టువు. అరువు తెచ్చుకున్న మాట కాదు, మట్టి పని చేసే చేతుల్లో మొదటి నుంచీ ఉన్న మాట.

ఇక గుంటా తీగా ఒకటి ఎలా అయ్యాయన్నది చూద్దాం. బీర, ఆనప, కాకర, పొట్ల, దోస, గుమ్మడి వంటి వాటినే మనం పాదు అంటాము. వంగపాదు అనిగానీ బెండపాదు అనిగానీ ఎవరూ అనరు. వంగకు నారు పోసి, నెల రోజుల తరువాత పీకి వేరేచోట నాటుతాము. పాకే జాతులకు ఆ పద్ధతి అంతగా నప్పదు, వాటి వేరు కదిలిస్తే సులువుగా తేరుకోదు. అందువల్ల పెరట్లో ఒకచోట మట్టి గుల్ల చేసి, ఎరువు కలిపి, పల్లంగా పాదు చేసి, అందులోనే మూడు నాలుగు గింజలు పెట్టి, మొలిచిన తరువాత బలమైనవి రెండు ఉంచుతాము. ఆ తీగ ఆపైన పందిరి మీదికో, గోడ మీదికో, పక్కవారి చెట్టు మీదికో పోతుంది, రెండు తీగలు పెనవేసుకుంటే ఏది ఎక్కడిదో చెప్పడం కష్టం. కదలకుండా ఉండేది, లెక్కకు వచ్చేది, రోజూ నీళ్ళు పోసేది ఆ పాదే గనుక, చోటు పేరే మొక్క పేరయిందని నాకు తోస్తున్నది. "ఈ ఏడు మూడు కాకరపాదులు పెట్టాం" అన్నప్పుడు మనం లెక్కపెట్టేది తీగలను కాదు, గింజలు పెట్టిన చోట్లను. తెలంగాణలో చాలా ఇళ్ళలో సొరతీగ, బీరతీగ అనే మాటలు వినిపిస్తాయి. అక్కడ చూపు పాకే మొక్క మీద ఉన్నది, ఇక్కడ అది నాటుకున్న చోటు మీద ఉన్నది. రెండూ మంచి తెలుగే.

ఈ పాదునే సంస్కృతం ఆలవాలం అంటుంది. పోతన భాగవతం అవతారికలో "లలితస్కంధము కృష్ణమూలము" అని మొదలయ్యే పద్యం మీలో చాలామందికి కంఠస్థమే. భాగవతాన్ని కల్పవృక్షంగా చెబుతూ, ప్రతి విశేషణాన్నీ చెట్టుకొకటి, గ్రంథానికొకటిగా రెండర్థాలతో నడిపించిన పద్యం అది. అందులో "విమలవ్యాసాలవాలంబునై" అన్న చోట నేను ఎప్పుడూ ఆగిపోతాను. గ్రంథపరంగా వ్యాసమహర్షే దానికి పాదు. చెట్టుపరంగా వ్యాసం అంటే వెడల్పు, కనుక స్వచ్ఛమైన, విశాలమైన పాదు గల చెట్టు అని అర్థం. బమ్మెరలో పొలం దున్నుకొని బ్రతికాడని సంప్రదాయం చెప్పుకొనే కవి పాదుకు ఎంచుకున్న గుణం లోతు కాదు, వెడల్పు. అది శ్లేష కోసం కుదిరిన మాటే కావచ్చును, అయినా సేద్యం దృష్టితో చూస్తే అక్షరాలా సరైన మాట.

కొత్తగా మొక్కలు పెంచేవారు చేసే పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉంటుంది. మొదలు చుట్టూ జానెడు మేర లోతుగా తవ్వి, కాండం మునిగేటట్లు నీళ్ళు నింపుతారు. నీటిని తాగే సన్నవేళ్ళు చాలావరకు మొదలు దగ్గర ఉండవు, కొమ్మల కొసల కింద నేలలో, పైపైనే పరచుకొని ఉంటాయి. అందుచేత కొమ్మలు ఎంత మేర నీడ పరుస్తాయో పాదు కూడా అంత మేర ఉండాలి, చెట్టు పెరిగేకొద్దీ దాని గట్టును వెనక్కి జరుపుకుంటూ పోవాలి. మీది నిమ్మ కాబట్టి ఇంకొక జాగ్రత్త అవసరం. నిమ్మకూ బత్తాయికీ మొదలు దగ్గర నీరు నిలిస్తే బెరడు కుళ్ళి బంక కారుతుంది. కాండం చుట్టూ మట్టిని చిన్న దిబ్బలా ఎగదోసి, దాని అవతల గుండ్రంగా పల్లం చేసి, ఆ పల్లానికి బయట మరొక గట్టు వేస్తే నీరు వేళ్ళకు అందుతుంది, కాండానికి తగలదు. బొప్పాయికీ ఇదే మేలు. ఎండుటాకులు పాదులో పరిస్తే తడి త్వరగా ఆరదు, అయితే వాటిని కూడా కాండానికి ఆనించకూడదు. ముసురు పట్టినప్పుడు గట్టుకు ఒక పక్క గండి కొట్టి నీటిని బయటికి వదలండి.

అమరసింహుడు కూర్చిన సంస్కృత నిఘంటువు అమరకోశం ఆలవాలాన్ని ఎక్కడ చేర్చిందో తెలిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. చెట్లూ మందుమొక్కలూ ఉన్న వనౌషధివర్గంలో కాదు, నీటికి సంబంధించిన వారివర్గంలో "స్యాదాలవాలమావాలమావాపోఽథ నదీ సరిత్" అని చదువుతాము. పాదు పేర్లు మూడు ముగిసీ ముగియగానే, అదే శ్లోకపాదంలో నది పేర్లు మొదలవుతాయి. అమరసింహుని లెక్కలో పాదు చెట్టులో భాగం కాదు, అది ఒక జలాశయం.

ఇప్పుడు పత్రికలలో "అవినీతికి ఆలవాలం" అని రాయడం మామూలైంది. నిలయం అన్న అర్థంలో అది తప్పు కాదు. కానీ పాదు దానంతట అది ఏర్పడదు, ఎవరో పూనుకొని తవ్వాలి, రోజూ నీళ్ళు పోయాలి. ఆ మాట వాడేటప్పుడు ఎవరు తవ్వారు, ఎవరు నీళ్ళు పోస్తున్నారు అన్న అర్థం కూడా వెంట వస్తుందని రాసేవారు గుర్తుంచుకుంటే బాగుంటుంది. మన పాదు కూడా పాదుకొను, పాదుకొల్పు అనే క్రియలుగా మారి, విశ్వాసాలకూ వ్యవస్థలకూ చెల్లుతున్నది.

మరొక సభ్యురాలు

చాలా సంతోషమండీ. ఒక సందేహం. నేల ఉన్నవారికి పాదు కుదురుతుంది, మరి కుండీలో పాదు అంటూ ఏమున్నది? నేను అంచుదాకా మట్టి నింపుతాను, నీళ్ళు పోస్తే మట్టితో సహా పొర్లి గచ్చంతా పాడవుతున్నది.

సమాధానం

అమ్మా, మీరు మట్టితో నింపేస్తున్న ఆ పై భాగమే కుండీకి పాదు. అంచుకు రెండు అంగుళాలు తక్కువగా మట్టి ఉంచితే, పోసిన నీరు అక్కడ నిలిచి నెమ్మదిగా లోపలికి ఇంకుతుంది. అడుగున బెజ్జాలు ఉండాలి, నీరు వాటి గుండా బయటికి వచ్చేదాకా పోసి, పైన అంగుళం మేర మట్టి ఆరిందని వేలితో చూసుకున్న తరువాతనే మళ్ళీ పోయాలి. వెడల్పు మాట ఇక్కడా వర్తిస్తుంది. బీరకు అడుగు లోతూ అడుగున్నర వెడల్పూ ఉన్న తొట్టి అయితే మంచిది, అందులో రెండు తీగలకు మించి ఉంచవద్దు. నాలుగైదు ఆకులు రాగానే నులితీగలు పట్టు కోసం వెతుకుతాయి, అప్పటికే పక్కన ఒక పుల్ల గుచ్చి, దాని నుంచి పందిరికి పురికొస కట్టి ఉంచండి. మొదట ప్రశ్న అడిగిన అమ్మాయికి కూడా ఇదే మాట. అమ్మమ్మగారు అడిగిన రెండవ పాదు ఆ పురికొస మీద మొదలవుతుంది.