ఓటీ చేస్తే గృహలక్ష్మి, పింఛను, ఈఎస్ఐ ఆగిపోతాయా?

ప్రశ్న: హిందూపురం ఆడపడుచు, పీణ్య

అందరికీ నమస్కారం. నేను బెంగళూరు పీణ్యలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా టైలరుగా పనిచేస్తున్నాను. మూడేళ్ల క్రితం మా ఆయన పోయారు. ఏడో తరగతి పాప, నాలుగో తరగతి బాబు, నేను, ఇంతే మా ఇల్లు. రోజుకు 500 చొప్పున 26 రోజులకు 13,000 జీతం పడుతుంది. కర్ణాటక ప్రభుత్వం ఇంటి యజమానురాలికి నెలనెలా ఇచ్చే గృహలక్ష్మి 2,000, మా ఆయన పీఎఫ్ పింఛను 1,600, పిల్లలిద్దరికీ చెరి 400 వస్తున్నాయి. షిప్‌మెంటు దగ్గరపడిందని వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలు ఓటీ, అంటే అదనపు పని, చెయ్యమంటున్నారు. చేస్తే 3,000 దాకా చేతికొస్తుంది గాని, ఆదాయం పెరిగిందని ఆ 4,400 ఆపేస్తే ఉన్నదీ పోతుందని భయంగా ఉంది. ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కూడా పోతుందని లైనులో ఒకావిడ అన్నారు. పాపకు ఆయాసం, మందులన్నీ ఈఎస్ఐ డిస్పెన్సరీలోనే తెచ్చుకుంటాం. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: బొమ్మసంద్ర

జాగ్రత్తగా ఉండండి అక్కా. ఈఎస్ఐకి నెల జీతం పరిమితి 21,000. ఓటీతో కలిపి ఏ నెలలోనైనా అది దాటితే కార్డు పనిచేయదని మా దగ్గర కూడా చెప్పుకుంటారు.

జవాబు: మదనపల్లె, జీతాల లెక్కలు చూసే ఉద్యోగి

పై మాటలో పరిమితి సరైనదే గాని, లెక్క సరైనది కాదు. 21,000 పరిమితి చూసేటప్పుడు ఓటీ డబ్బును అందులో కలపరు. మీ మామూలు జీతం 13,000 గనుక, ఓటీ ఎంత చేసినా మీరు ఈఎస్ఐ నుంచి బయటికి వెళ్లరు. అసలు జీతమే పెరిగి పరిమితి దాటినవారికి కూడా కార్డు ఆ రోజే ఆగదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని ఆరు నెలల గడువులుంటాయి, ఆ గడువు పూర్తయ్యేదాకా నడుస్తుంది.

అయితే ఈఎస్ఐకి జీతంలోంచి కోసే చందా మాత్రం ఓటీ మీద కూడా పట్టడం చూశాను. 2024లో మా యూనిట్‌లో అచ్చం మీ జీతమే ఉన్న ఒకామె స్లిప్పు నా చేతిమీదుగా వెళ్లింది. ఓటీ లేని నెలలో ఈఎస్ఐ కోత 98 రూపాయలుంటే, 3,000 ఓటీ ఉన్న నెలలో 120 అయింది. ఆ 22 రూపాయలు వృథా కావు. మీకు జబ్బు చేసి సెలవు పెడితే, తగినన్ని రోజుల చందా ఉన్నవారికి సగటు రోజు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు, చందా పట్టిన ఓటీ కూడా ఆ సగటులోకి వస్తుంది. పీఎఫ్ అయితే ఓటీ మీద కోయరు.

పింఛను విషయంలో అసలు బెంగ పెట్టుకోవద్దు. అది మీ ఆయన సర్వీసు మీద వచ్చే హక్కు. మీ సంపాదనతో దానికి సంబంధం లేదు. మళ్లీ పెళ్లి చేసుకుంటేనే వితంతు పింఛను ఆగుతుంది. పిల్లల భాగం, అంటే మీ పింఛనులో నాలుగో వంతు చొప్పున, వారికి 25 ఏళ్లు వచ్చేదాకా వస్తుంది. ఏటా జీవన ప్రమాణ పత్రం (బతికే ఉన్నామని రుజువు) మరిచిపోకుండా ఇవ్వండి; ఓటీ కంటే ఆ మతిమరుపు వల్ల పింఛను ఆగిన ఇళ్లే నేను ఎక్కువ చూశాను.

గృహలక్ష్మికి మీరు గాని మీ భర్త గాని ఆదాయపు పన్ను కట్టేవారై ఉండకూడదు, జీఎస్టీ రిటర్నులు వేసేవారై ఉండకూడదు. నెలకు 16,000 అంటే ఏడాదికి 1,92,000, పన్ను దరిదాపుల్లో కూడా లేదు. బీపీఎల్ కార్డు (పేదల రేషన్ కార్డు) సంగతి వేరే: దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి 1,20,000 మించకూడదు, మీ మామూలు జీతమే 1,56,000 అవుతోంది. కాబట్టి ఆ చిక్కు ఓటీ తెచ్చిపెట్టేది కాదు, ఇదివరకే ఉంది. 2024 నవంబరులో కార్డుల రద్దు మీద గొడవ జరిగినప్పుడు ప్రభుత్వోద్యోగులవీ పన్ను కట్టేవారివీ తప్ప మిగిలినవి తీయబోమని ప్రభుత్వం చెప్పింది. ఒకవేళ మీ కార్డు ఏపీఎల్‌కు (దారిద్ర్యరేఖకు పైనున్నవారి కార్డుకు) మారినా రేషన్‌లో ఇచ్చే అన్నభాగ్య బియ్యం పోతుంది గాని గృహలక్ష్మి ఆగదు, ఎందుకంటే అది ఏపీఎల్ కార్డులకూ వర్తిస్తుంది.

జవాబు: అనంతపురం అక్క, యశ్వంతపుర

చెల్లెమ్మా, నా అనుభవం ఒకటి చెబుతాను. స్కూటరు లోనుకు ఏజెంటొకడు ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే సులభమంటే, పన్ను పైసా లేకపోయినా వేయించాను. ఆ తర్వాత మూడు నెలలు గృహలక్ష్మి డబ్బు పడలేదు. నా పేరు పన్ను కట్టేవారి జాబితాలో ఉందన్నారు. అది తప్పని కాగితాలు పట్టుకుని ఎన్నిసార్లు తిరిగానో, తిరిగిన ప్రతి రోజూ ఒక రోజు కూలి పోయింది. ఓటీ చెయ్యండి గాని, అవసరం లేకుండా ఎవరు చెప్పినా రిటర్ను వేయించుకోకండి.

హిందూపురం ఆడపడుచు

అందరికీ చాలా కృతజ్ఞతలు. రాత్రి పాపకు మందిచ్చి పాత స్లిప్పులు తీసి చూశాను. మార్చిలో నాలుగు గంటలు ఓటీ చేశాను, కానీ స్లిప్పులో ఆ గడి ఖాళీగా ఉంది. సూపర్‌వైజరు చేతికి 250 ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు.

మదనపల్లె, జీతాల లెక్కలు చూసే ఉద్యోగి

అక్కా, ఓటీకి మామూలు కూలికి రెండింతలు ఇవ్వాలన్నది 1948 కార్ఖానాల చట్టం నుంచీ ఉన్న నియమం. మీకు గంటకు 62 రూపాయల 50 పైసలు పడుతుంది గనుక ఓటీ గంటకు 125, నాలుగు గంటలకు 500 రావాలి. మీకు సగమే ఇచ్చారు, అదీ స్లిప్పులోకి రాకుండా. స్లిప్పులో లేని ఓటీకి ఈఎస్ఐ చందా కూడా కట్టరు. వచ్చే నెల మొదటి ఓటీ రోజు నుంచే తేదీ, గంటలు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, జీతం రోజున స్లిప్పుతో సరిచూసుకోండి, గంటలు తక్కువ వేస్తే హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీ దగ్గర పెట్టుకోండి.

హిందూపురం ఆడపడుచు

అలాగే చేస్తానండీ. పాత నోటుపుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి, మార్చి నాలుగు గంటలు మొదటి వరుసలో రాసి పెట్టాను. పక్కింటి పిన్ని ఆ మూడు రోజులూ రాత్రి ఎనిమిది దాకా పిల్లలను చూసుకుంటానన్నారు.