చిన్న అద్దకం యూనిట్‌కి లోగో: రెడీ ఫాంట్ చాలా, అక్షరాలు గీయించాలా?

అంచురంగు:
పెడన నుంచి చెక్క అచ్చుల బట్ట తెప్పించి కుర్తీలు, దుపట్టాలు, టేబుల్ రన్నర్లు కుట్టించి ఆన్‌లైన్‌లో అమ్మే ఇద్దరు మనుషుల యూనిట్. పేరు 'అద్దకం' అనుకుంటున్నాం. లోగోకి మొత్తం 8,000 రూపాయలు దాటకూడదు. గూగుల్ ఫాంట్స్‌లో ఒక తెలుగు ఫాంట్ తీసుకుని, కాన్వా అనే డిజైన్ యాప్‌లో పక్కన మామిడిపిందె పెట్టేసుకోవడం ఒక దారి. అక్షరాలు చేత్తో గీసే ఆర్టిస్టుకి ఇవ్వడం రెండోది. రెండోదానికి పెట్టే డబ్బు దండగా కాదా? లోగో అట్ట ట్యాగ్ మీద, బట్ట అంచున, ఇన్‌స్టాలో వాడాలి.

డీటీపీ_డెస్క్:
ఫాంట్ చాలు. రామభద్ర, మల్లన్న, మందలి, ధూర్జటి అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవే. లోగోలో వాడుకోవచ్చు, అక్షరాల రూపం మార్చుకోవచ్చు, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. ఫాంట్ ఫైలునే విడిగా అమ్మకూడదు, అంతే.

జాగ్రత్తలు రెండే. ఇలస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో దక్షిణాసియా కంపోజర్ (మన లిపుల అక్షరాలు కూర్చే పద్ధతి) ఎంచుకోకపోతే ఒత్తు కిందకి దిగదు, 'ద్' పక్కన 'ద' విడిగా కూర్చుంటుంది. అది చూసుకోకుండా అచ్చుకి పంపిన ట్యాగులు మార్కెట్లో కావలసినన్ని. రెండోది, పని అయ్యాక అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మగా మార్చండి. కోరల్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో షిఫ్ట్ కంట్రోల్ ఓ. అను ఫాంట్లతో చేయించుకుంటే ఇది మరీ ముఖ్యం. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అక్షర సంకేతాలు) కావు కాబట్టి ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి.

కొమ్ముదీర్ఘం:
డీటీపీ గారూ, మీరు చెప్పిన ఫాంట్లే ఊళ్లో ప్రతి ఫ్లెక్సీ మీదా, ప్రతి పెళ్లి కార్డు మీదా ఉంటాయి కదండీ. అచ్చుల బట్ట అమ్మేవాళ్ల ట్యాగ్ పక్క షాపు ట్యాగ్‌లా ఉంటే ఇంక లోగో ఎందుకు?

ఈ పేరుతో ఇంకో చిక్కుంది. 'అ', 'ద్ద', 'కం' మూడు ముక్కలు. మధ్యదానికే ఒత్తు. ఫాంట్‌లో టైప్ చేస్తే ఆ ఒత్తు ఒక్కటే కిందికి వేలాడి, 'అ' కిందా 'కం' కిందా ఖాళీ మిగులుతుంది. ఎత్తులో దాదాపు మూడో వంతు ఆ ఒక్క ఒత్తుకే పోతుంది. అంటే ట్యాగ్ మీద పేరుకి 9 మిల్లీమీటర్ల ఎత్తు ఇస్తే అసలు అక్షరాలకి మిగిలేది 6. గీసేవాళ్లయితే ఒత్తుని కాస్త కుడికి జరిపి 'క' కిందకి చేరుస్తారు, లేదా దాని గీతనే సాగదీసి మొత్తం పేరు కింద అంచులా నడిపిస్తారు. తలకట్లు రెండూ ఒకే వంపులో కలుపుతారు. ఫాంట్ ఈ పని చేయదు, అది వాక్యాల కోసం పుట్టింది.

ఇంకోమాట. చివరి సున్నాలో పువ్వు పెట్టించకండి. అందరూ చేసేది అదే.

చెక్కఅచ్చు:
స్క్రీన్ మీద చూసి కొట్టుకుంటున్నారు ఇద్దరూ. ఎక్కడ అచ్చు వేయాలో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

అట్ట ట్యాగ్ మీద స్క్రీన్ ప్రింటింగ్ అయితే 120 మెష్‌లో, అంటే సెంటీమీటరుకి 120 పోగుల గుడ్డలో, సన్న గీత కూడా వస్తుంది. బట్ట మీద 43 నుంచి 55 మెష్ వాడతారు, ఇంకు కాస్త పాకుతుంది. 'క' తలకట్టుకీ కింది గీతకీ మధ్య సందు ఒక మిల్లీమీటరన్నా లేకపోతే పూడిపోతుంది. సున్నా లోపలి ఖాళీ కూడా అంతే, కొన్ని ముద్రలయ్యేసరికి నల్ల చుక్క అవుతుంది. ఎంబ్రాయిడరీ అయితే గీత మందం 1 మిల్లీమీటరు, అక్షరం ఎత్తు 5 తగ్గకూడదు. ఒత్తుకి అదే లెక్క వేస్తే పేరు మొత్తం ఎంత పెద్దది కావాలో చూసుకోండి.

అంచున చెక్క అచ్చుతో వేద్దామనుకుంటే ఇంకా మందం కావాలి. టేకు చెక్కలో ఒకటిన్నర మిల్లీమీటర్ల కన్నా సన్నగా నిలబెట్టిన గీత నాలుగు రోజుల్లో అంచు రాలుతుంది. అచ్చు చెక్కేవాళ్లకి ఇచ్చే కాగితం మీద పేరు అద్దంలో కనిపించినట్టు తిరగేసి ఉండాలి. తెలుగు చదవడం రాని మనిషి చెక్కితే అది తిరగబడిందో లేదో ఆయనకి తెలియదు, చూసుకోవలసింది మీరే.

అందుకని మొదట నలుపు ఒక్క రంగులోనే చేయించండి. 12 మిల్లీమీటర్ల వెడల్పుకి తగ్గించి మామూలు ప్రింటర్‌లో తీసి, చేతికి అందేంత దూరంలో పెట్టి చదవండి. అక్కడ నిలిస్తే నీలిమందు రంగూ మంజిష్ఠ ఎరుపూ తర్వాత చూసుకోవచ్చు. ఇన్‌స్టా వృత్తంలో మూలలు తెగుతాయి కాబట్టి చుట్టూ కనీసం ఐదో వంతు ఖాళీ వదలండి. పూర్తి పేరు అక్కడ పట్టదు, 'ద్ద' ఒక్కటే వేయండి.

క్లాస్24:
అసలు గొడవ పేరుతోనే. బట్టకి 'అద్దకం' అంటే సరుకు ఎలా తయారైందో చెప్పే మాట. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం అలాంటి మాటని ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించబోతే అభ్యంతరం వస్తుంది. దరఖాస్తుకి ముందు నుంచే బాగా వాడి, జనం ఆ పేరుతో మిమ్మల్నే గుర్తుపడుతున్నారని రుజువు చేస్తే తప్ప గట్టెక్కడం కష్టం. లోగోగా పెడితే దారి దొరకొచ్చు. కానీ అప్పుడు మీకు దక్కేది ఆ రూపం మీద హక్కే, మాట మీద కాదు.

డీటీపీ_డెస్క్:
చూశారా. మాటే మనది కాదన్నప్పుడు దాన్ని గీయించడానికి వేలు పోయడం ఎందుకు? ముందు వేరే పేరు పెట్టుకోమనండి, ఫాంట్‌తో నడిపించండి.

కొమ్ముదీర్ఘం:
నాకు సరిగ్గా ఉల్టా కనిపిస్తోంది. మాట మీద హక్కు రాదంటే, మిగిలేది గీతే. ఆ గీత అందరికీ ఉచితంగా దొరికే ఫాంట్‌లోది అయితే ఏం మిగిలినట్టు?

క్లాస్24:
కొమ్ముదీర్ఘం గారి మాటలో బలం ఉంది, పేరు మార్చకపోతే. మారిస్తే డీటీపీ గారి దారి చవక. సరుకుతో సంబంధం లేని పేరు ఏదైనా పెట్టుకుని దాన్ని మాటగా రిజిస్టర్ చేస్తే, ఏ అక్షరాల్లో రాసినా రక్ష ఉంటుంది. లోగో రేపు మార్చుకున్నా నష్టం లేదు.

ట్రేడ్‌మార్కు దరఖాస్తు ఖర్చు లెక్క: ఆన్‌లైన్‌లో వ్యక్తికి, స్టార్టప్‌కి, చిన్న సంస్థకి ఒక్కో క్లాసుకి (సరుకుల వర్గానికి) 4,500 రూపాయలు. మిగతావాళ్లకి 9,000. చిన్న సంస్థగా వేస్తే ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు పత్రం) జతచేయాలి. బట్ట, టేబుల్ రన్నర్లు 24వ క్లాసులో, కుట్టిన దుస్తులు 25లో. రెండూ వేస్తే మీ 8,000 దాటిపోయింది, కాబట్టి ఎక్కువ అమ్ముడుపోయేది ఏదో దానితో మొదలుపెట్టండి. లోగో అయితే నలుపు తెలుపులో దాఖలు చేయండి, రంగు పరిమితి లేకుండా రిజిస్టరైతే అన్ని రంగులకీ వర్తిస్తుంది. వేసేముందు ఇలాంటిది ముందే ఉందేమో ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. మాటకైతే ఉచ్చారణను బట్టి వెతకాలి, బొమ్మకైతే వియన్నా కోడ్, అంటే లోగో బొమ్మల రకాలకి ఇచ్చిన నంబరుతో (పూలు 5.5, ఆకులు 5.3). ఆ రెండు కోడ్ల కింద బట్టల లోగోలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూస్తే మామిడిపిందె మోజు దానంతటదే తగ్గుతుంది.

కాన్వా సంగతి కూడా. అందులోని రెడీ బొమ్మలు ఎవరైనా వాడుకోవచ్చు. వాటితో చేసిన లోగోని ట్రేడ్‌మార్కుగా వేయకూడదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది.

అంచురంగు:
పాత చెక్క అచ్చు మీది పువ్వుని ట్రేస్ చేసి వాడితే? ఇంకోటి, ఆర్టిస్టుకి డబ్బిచ్చేస్తే లోగో మాదే కదా?

క్లాస్24:
సంప్రదాయ పువ్వు వాడుకోండి, తప్పు లేదు, మీ ఒక్కరిదీ కాదు. 'కలంకారి' మాట మాత్రం లోగోలోకి లాగకండి. మచిలీపట్నం కలంకారికీ శ్రీకాళహస్తి కలంకారికీ భౌగోళిక గుర్తింపు ఉంది.

రెండో ప్రశ్నకి: కాదు. జీతం మీద పనిచేయని ఆర్టిస్టు గీస్తే కాపీరైట్ మొదట ఆయనదే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ రాయించుకోవాలి. గడువు రాయకపోతే ఐదేళ్లకే అన్నట్టు, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అన్నట్టు లెక్క. బయటి దేశాలకి పంపే ఆలోచన ఉంటే 'ప్రపంచమంతటికీ, కాపీరైట్ గడువు పూర్తయ్యేవరకు' అని వివరంగా రాయించండి. వాట్సాప్‌లో 'ఓకే అండి' సరిపోదు.

డీటీపీ_డెస్క్:
సరే, పేరు మార్చనంటే గీయించండి, ఒప్పుకుంటాను. కానీ పీఎన్‌జీ (మామూలు బొమ్మ ఫైలు) ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. ఎస్‌వీజీ (గీతల రూపంలో ఉండే ఫైలు), కర్వ్స్ చేసిన పీడీఎఫ్, కోరల్ ఫైలు మూడూ అడగండి. ట్రేడ్‌మార్కు రిజిస్టర్ అయ్యేవరకు లోగో పక్కన టీఎం గుర్తే, వృత్తంలో ఆర్ (రిజిస్టర్డ్ గుర్తు) వేయకూడదు.

చెక్కఅచ్చు:
అంచురంగు గారూ, ట్యాగ్ కొలత ఎవరూ అడగలేదు, మీరూ చెప్పలేదు. 35 × 60 మిల్లీమీటర్లయితే తాడు రంధ్రం పైన 8 మిల్లీమీటర్లు తినేస్తుంది. రంధ్రం ఎక్కడో, ట్యాగ్ నిలువో అడ్డమో చెప్పి ఆ తర్వాతే గీయించండి.