అత్యవసరం కాదు, ఆగడానికీ వీల్లేదు: షుగరు రోగి కాలి పుండును ఎక్కడ చూపించాలి?

ప్రశ్న (పాకాల మండలం)

మా అమ్మకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది. చెప్పు కరిచి కాలి బొటనవేలి పక్కన పుండు పడింది. నొప్పి లేదంటోంది గాని చుట్టూ ఎర్రబడుతోంది. తిరుపతిలో ఆమెను చూసే షుగరు డాక్టరు వచ్చే వారం గాని దొరకరట. ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్తే ఓపీ వేళ అయిపోయిందని క్యాజువాలిటీకి పంపారు. అక్కడ చాలాసేపు కూర్చోబెట్టి, ఇది అత్యవసరం కాదు, రేపు ఓపీకి రండి అన్నారు. గుండెపోటుతో వచ్చినవారిని ముందు చూడడం న్యాయమే. అయితే ప్రాణాపాయం లేకపోయినా వారం రోజులు ఆగలేని ఇలాంటివారు ఎక్కడికి వెళ్లాలి?

జవాబు 1 (విశ్రాంత స్టాఫ్ నర్సు, తిరుపతి)

నొప్పి లేదన్న మాటే నన్ను ఎక్కువ కలవరపెడుతోందండీ. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారికి పాదాల నరాలు మొద్దుబారి, పుండు లోతుగా పోతున్నా బాధ తెలియదు. షుగరు డాక్టరు కోసం ఎదురుచూడకుండా రేపు ఉదయమే తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రిలోనో, చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనో జనరల్ సర్జరీ ఓపీలో చూపించండి; పుండు శుభ్రం చేసి కట్టు కట్టేదీ, చీము ఉంటే తీసేదీ ఆ విభాగం వారే. ఈలోగా ఎరుపు పాకినా, చీము పట్టినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తగిలినా, వేలు నల్లబడినా అర్ధరాత్రయినా సరే క్యాజువాలిటీకి వెళ్లి, షుగరు ఉందన్న సంగతి మొదటి మాటగా చెప్పండి. కాలికి దెబ్బ అని మాత్రమే రాయిస్తే వరుసలో వెనకబడతారు. వేడినీళ్ల కాపడం మాత్రం పెట్టకండి. స్పర్శ తెలియని పాదం కాలిపోతుంది.

జవాబు 2

మీ ఊరి విలేజ్ క్లినిక్‌లో అడిగితే ఈ-సంజీవని ద్వారా వీడియోలో డాక్టరుతో మాట్లాడిస్తారు. మందుల మోతాదు వంటి సందేహాలకు ఇది చాలా మేలు. ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) ఉంటే, సదుపాయం ఉన్న ఆసుపత్రుల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకోవచ్చు.

జవాబు 3 (చిత్తూరు)

వీడియోలో పుండు లోతు తెలియదు కాబట్టి ఈ విషయంలో పై సలహాతో ఏకీభవించలేను. దగ్గరలోని పీహెచ్‌సీలో పగటిపూట మెడికల్ ఆఫీసరును కలిస్తే కట్టు కట్టి, అవసరమైతే టెటనస్ ఇంజెక్షను ఇచ్చి, పెద్దాసుపత్రికి రిఫరల్ చీటీ రాస్తారు. కూలి పోగొట్టుకోకుండా ఉదయం ఓపీకి రాలేని కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. సాయంత్రం ఓపీ నడిస్తే ఇలాంటి పుండ్లలో చాలావరకు క్యాజువాలిటీ దాకా రావు, వేలు తీసేసే స్థితి దాకా అసలే రావు. దీన్ని మనం ఆసుపత్రి అభివృద్ధి కమిటీల ముందు గట్టిగా అడగాలి.

ఈ రాత్రికి మాత్రం ఎరుపు ఎంతవరకు ఉందో దాని అంచు వెంట పెన్నుతో గీత గీయండి. ఎరుపు ఆ గీత దాటితే తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరండి.