టూర్ ప్యాకేజీల వచ్చే ఇన్సూరెన్స్ సరిపోతదా, వేరేగ కొనాల్నా? (యూరప్, 60 దాటినోళ్ళకు)

లతీఫ్‌సాబ్_గుట్ట (నల్లగొండ)

మా పెదనాన్నకు 66, పెద్దమ్మకు 61. మే 9 నుంచి 20 దాకా యూరప్ టూర్. ముందు లండన్ల 3 రాత్రులు, 12 నాడు పారిస్, అక్కడికెళ్ళి స్విట్జర్లాండ్, ఇటలీ. హైదరాబాద్ టూర్ కంపెనీ ప్యాకేజీలనే 50 వేల డాలర్ల ఇన్సూరెన్స్ కలిపింది. పెదనాన్నకు బీపీ, షుగర్ ఉన్నయి, 2019ల స్టెంట్ వేసిండ్రు. ఇంట్ల రెండు పార్టీలైనయి. ఒకరేమో "వీసాకు సరిపోతే చాలు, ఇంకోటి కొనుడు దండుగ" అంటున్నరు. ఇంకొకరు "అది వీసా కాగితం, దవాఖానల పనికిరాదు" అంటున్నరు. పెదనాన్న రిటైర్డ్ టీచర్. ఈహెచ్‌ఎస్ (సర్కారు ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య స్కీం) కార్డు ఉంది గదా అని ఆయన ధీమా ఆయనది. తెలిసినోళ్ళు జర చెప్పండి.

పాలమూరు_పాలసీ (మహబూబ్‌నగర్)

ముందుగాల ఈహెచ్‌ఎస్ ధీమా వదిలెయ్యమనండి. ఈహెచ్‌ఎస్ అయినా ఆరోగ్యశ్రీ అయినా ఇక్కడి నెట్‌వర్క్ దవాఖాన్లల్లనే నడుస్తయి. శంషాబాద్ల విమానం ఎక్కినంక ఆ కార్డు జేబుల ఉన్నా ఒకటే, బీరువల ఉన్నా ఒకటే.

ఇగ టూర్ పాలసీ. నన్నడిగితే వీసాకు చాలు, అవసరానికి గూడ చాలు. షెంజెన్ (ఒకే వీసా మీద తిరిగే యూరప్ దేశాల గుంపు) వీసాకు కనీసం 30,000 యూరోల కవర్ కావాలె. షెంజెన్ల ఉన్న 29 దేశాలల్ల అది చెల్లాలె, అక్కడ ఉండే రోజులన్నిటికీ ఉండాలె. అత్యవసర వైద్యం, దవాఖానల చేరుడు, రోగిని ఇండియాకు తెచ్చుడు, చనిపోతే దేహాన్ని తెచ్చుడు ఇవన్నీ అందుల రావాలె. 50 వేల డాలర్ల పాలసీ ఈ లెక్క దాటుతది. గ్రూప్ పాలసీ అనంగనే నాసిరకం అనుకోవద్దు, ఇచ్చేది గవే ఇన్సూరెన్స్ కంపెనీలు. పైగా టూర్ మేనేజర్ పక్కన ఉంటడు. భాష రాని ఊర్ల రాత్రి 2 గంటలకు ఛాతిల నొప్పి లేస్తే ఫోన్ కొట్టే మనిషి ఉండుడు చిన్న సంగతి కాదు.

నందికొండ (మిర్యాలగూడ)

50 వేల డాలర్లు అన్న అంకె దగ్గరే అందరూ ఆగిపోతారు. అది పై కప్పు మాత్రమే. వయసు 60 దాటిన వాళ్ళకి చాలా పాలసీల్లో లోపల ఇంకో పట్టిక ఉంటుంది: సబ్ లిమిట్లు. గది అద్దెకి రోజుకి ఇంత, ఐసీయూకి ఇంత, ఆపరేషన్‌కి ఇంత అని. టూర్ కంపెనీ చేతికిచ్చేది ఒకటి రెండు పేజీల సర్టిఫికెట్. ఈ పట్టిక అందులో కనిపించకపోవచ్చు. అది మాస్టర్ పాలసీలో (గ్రూపు మొత్తానికి ఉన్న అసలు పాలసీ) ఉంటుంది, ఆ మాస్టర్ పాలసీ టూర్ కంపెనీ పేరు మీద ఉంటుంది.

ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. పట్టికలో ఐసీయూకి రోజుకి 2,000 డాలర్లు, గదికి 1,500, ఆపరేషన్‌కి 8,000 అని ఉందనుకోండి. ఐసీయూలో 2 రోజులు రోజుకి 3,500 చొప్పున 7,000. గదిలో 3 రోజులు 1,800 చొప్పున 5,400. ఆపరేషన్ 14,000. మొత్తం బిల్లు 26,400. కంపెనీ లెక్కలో 4,000, 4,500, 8,000 కలిపి 16,500. అందులోంచి డిడక్టబుల్ (క్లెయిమ్‌లో ముందు మనమే భరించాల్సిన మొత్తం) 100 పోతే వచ్చేది 16,400. మిగతా 10,000 డాలర్లు మన జేబులోంచే. బిల్లు 50 వేలలో సగం దాటిందంతే, అయినా పది వేలు కట్టాల్సి వచ్చింది.

అందుకే నా సలహా: సబ్ లిమిట్ లేని పాలసీ వేరుగా తీసుకోండి, వీలైతే లక్ష డాలర్లది.

పాలమూరు_పాలసీ

లెక్క ఒప్పుకుంటా అన్నా. కానీ విడిగ కొన్నా 60 దాటినోళ్ళకు సబ్ లిమిట్లు ఉన్న పాలసీలే మస్తు. ఆన్‌లైన్ల తక్కువ ప్రీమియం పైకి వచ్చేటట్టు పెట్టుకొని మొదటిదాని మీద నొక్కితే దొరికేది అదే. అట్ల కొంటే పేరు మారుతది, పట్టిక మారదు. విడిగ కొనేటోళ్ళు "సబ్ లిమిట్లు వర్తించవు" అన్న ముక్క పాలసీ వర్డింగ్స్ల (అసలు షరతుల పత్రం) చూసుకోవాలె, బ్రోషర్ల కాదు. ఇంకోటి, 2019 స్టెంట్ గురించి అంత భయం అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) నిర్వచనంల పాత జబ్బు అంటే పాలసీకి ముందు 36 నెలల లోపల బయటపడ్డది, లేకపోతే ఆ లోపల వైద్యం చేయించుకున్నది. 2019 ఆ గీతకు అవతల ఉంది.

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

ఇద్దరూ అసలు ముడి వదిలేసి చుట్టూ తిరుగుతున్నరు. ముడి ఆ స్టెంటే.

36 నెలల నిర్వచనం సరిగ్గనే చెప్పిండ్రు, సగం చెప్పిండ్రు. స్టెంట్ వేసింది 2019ల. కానీ దాని మందులు? స్టెంట్ పడ్డోళ్ళకు ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ గోళీ మామూలుగ ఆగవు. నిన్న రాత్రి వేసుకున్న గోళీ గూడ వైద్యమే. అంటే 36 నెలల లోపల వైద్యం జరుగుతనే ఉన్నది, అది పాత జబ్బే. బీపీ, షుగర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా ప్రపోజల్ ఫారంల (పాలసీ కొనేటప్పుడు నింపే దరఖాస్తు) గుండె జబ్బు "ఎప్పుడైనా" ఉన్నదా అని అడిగితే 36 నెలల వాదనకు అక్కడ చోటే లేదు.

ఇప్పుడు గ్రూప్ పాలసీల ఏం జరుగుతదో చూడండి. 40 మంది పాస్‌పోర్ట్ వివరాలు ఎక్సెల్ల ఒకేసారి పోతయి. ఆరోగ్య ప్రశ్నలు ఎవరూ అడగరు. లేకపోతే ఎవరో ఒకరు అందరికీ "లేదు" అని టిక్ కొట్టేస్తరు. పెదనాన్నకు ఆ సంగతే తెల్వదు.

దాస్తే బయటపడదు అనుకునేటోళ్ళకు ఒక మాట. యూరప్‌ల దవాఖానల చేరంగనే మొదలు అడిగేది పాత జబ్బులు, వాడుతున్న మందులు. ఫ్రెంచ్ల దాన్ని "ఆంతెసెదాం" అంటరు, కేస్ షీట్ల దానికో గడే ఉంటది. ప్రాణం మీదికి వచ్చిన మనిషి అబద్ధం ఆడడు, ఆడొద్దు గూడ. పెద్దమ్మ పక్కన నిలబడి "ఆరేడేండ్ల కింద స్టెంట్ వేసిండ్రు సార్" అని చెప్తది. ఆ కాగితం క్లెయిమ్‌తోనే కంపెనీకి పోతది. ప్రపోజల్ల "లేదు" అని, కేస్ షీట్ల "ఉన్నది" అని ఉంటే ఇగ వేరే సాక్ష్యం ఎందుకు?

చెప్పి కొంటే ప్రీమియం పెరుగుతది, ఒక్కోసారి కంపెనీ ఇయ్యనే ఇయ్యదు. అయినా ఇంట్ల ఉన్నప్పుడు "ఇయ్యం" అనిపించుకునుడు, జ్యూరిక్‌ల పడుకున్నప్పుడు అనిపించుకునుడు ఒకటి కాదు. చెప్పి కొన్నా "పాత జబ్బు కవర్" అన్న మాట చూసి మురువొద్దు. చాలాట్ల అది ప్రాణాపాయం ఉన్నప్పుడు, పరిస్థితి కుదుటపడేదాకనే. దానికి గూడ వేరే చిన్న పరిమితి ఉంటది. 50 వేల పాలసీల పాత జబ్బుకు ఎంత అన్నదే అడగాల్సిన అంకె.

దేవరకొండ_డబ్బా

12 రోజుల దానికి ఇంత లొల్లా? క్రెడిట్ కార్డు మీద ఫ్రీ ఇన్సూరెన్స్ ఉంటది గదా.

నందికొండ

కార్డు మీద వచ్చేది ఎక్కువగా విమాన ప్రమాద బీమా. అదీ టికెట్ ఆ కార్డుతో కొంటేనే. ప్యాకేజీ డబ్బు చెక్కు రూపంలో కట్టినవాళ్ళకి అదీ లేదు. గుండెపోటు విమాన ప్రమాదం కాదు.

పిల్లలమర్రి గారి మాటతో ఏకీభవిస్తున్నా, ఒకటి కలుపుతా. టూర్ కంపెనీ ఇన్సూరెన్స్ తీసేసి ఆ డబ్బు తగ్గించదు, కాబట్టి రెండూ ఉంటాయి. వైద్యం ఖర్చుకి ఒక పాలసీ పరిమితి అయిపోతే మిగిలింది రెండో దానిలో అడగొచ్చు. రెండో పాలసీ కొనేటప్పుడు మొదటిది ఉందని చెప్పాలి, అంతే. ఒకే బిల్లుకి రెండు చోట్లా పూర్తి డబ్బు మాత్రం రాదు. రోజుకి ఇంత అని ఇచ్చే హాస్పిటల్ క్యాష్ లాంటివి వేరు.

వనపర్తి_సంస్థానం

ఎవరూ లండన్ మాట ఎత్తలేదేంది? యూకే షెంజెన్ల లేదు. యూకే విజిటర్ వీసాకు ఇన్సూరెన్స్ అడగరు గూడ. అందుకే వీసా కోసం చేసిన పాలసీల్ల అది తప్పిపోతుంటది. ఎన్‌హెచ్‌ఎస్ (యూకే సర్కారు వైద్య సేవ) ఫ్రీ అనే మాట నమ్మొద్దు. ఎమర్జెన్సీ విభాగంల చూపించుకునేదాక పైసలు తీసుకోరు. లోపల చేర్చుకున్నరంటే విజిటర్లకు ఎన్‌హెచ్‌ఎస్ రేటు మీద 150 శాతం వేస్తరు. సర్టిఫికెట్ల "ఏరియా" అన్న గడి చూడండి. "షెంజెన్" అని ఉంటే లండన్ల మూడు రాత్రులూ ఇన్సూరెన్స్ లేనట్టే. "వరల్డ్‌వైడ్ ఎక్స్‌క్లూడింగ్ యూఎస్‌ఏ, కెనడా" అని ఉండాలె.

పాలమూరు_పాలసీ

లండన్ సంగతి మంచిగ పట్టిండ్రు, నాకు తట్టలే.

దవాఖాన పని పడితే చేసే తరీఖ చెప్త, ఏ పాలసీ అయినా ఇదే. ముందు 112. యూరప్ అంతట నడుస్తది, యూకేల గూడ. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ తర్వాత. పాలసీ మీద టోల్ ఫ్రీ నంబర్ ఇస్తరు, అది మన రోమింగ్ సిమ్‌ల కలవకపోవచ్చు. దాని కిందనే +91తోనో, ఆ దేశం కోడ్‌తోనో ఇంకో నంబర్ ఉంటది. అది, వాట్సాప్ నంబర్ ఉంటే అది, ఇద్దరి ఫోన్లల్ల సేవ్ చెయ్యండి. కాగితం మీద రాసి ఒకటి పెద్దమ్మ పర్సుల పెట్టండి. ఫోన్ పెదనాన్న జేబుల ఉండి, ఆయన అంబులెన్స్‌ల పోతే ఏం లాభం?

దవాఖానల చేరితే 24 గంటల లోపల అసిస్టెన్స్ కంపెనీకి (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున విదేశంల సాయం చేసేది) చెప్పి రెఫరెన్స్ నంబర్ రాసుకోవాలె. క్యాష్‌లెస్ చేరినోళ్ళకే అనుకోండి. డాక్టర్‌కు చూపించుకొని వచ్చే ఓపీ పైసలు మనమే కట్టి ఇక్కడికొచ్చినంక అడగాలె. అందుల డిడక్టబుల్ పోతది. డిడక్టబుల్ 100 ఉండి బిల్లు 80 డాలర్లే అయితే ఒక్క డాలర్ రాదు.

బిల్లు అంటే మొత్తం ఒక్క అంకె ఉన్న రసీదు కాదు, ఐటమ్ వారీగ అడగాలె. డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ, కట్టిన రసీదు, రానుపోను బోర్డింగ్ పాసులు దాచాలె. పాస్‌పోర్ట్ ముద్రల మీద ఆధారపడొద్దు. షెంజెన్ల 2025 అక్టోబర్ 12 నుంచి ఎంట్రీ, ఎగ్జిట్ కంప్యూటర్ల ఎక్కించే పద్ధతి మొదలైంది, ముద్ర పడకపోవచ్చు.

సామాన్ల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. బ్యాగ్ రాకపోతే ఎయిర్‌పోర్ట్ బయటికి రాకముందే పీఐఆర్ (బ్యాగ్ రాలేదని ఎయిర్‌లైన్ రాసిచ్చే రిపోర్ట్) రాయించుకోవాలె, అది లేని క్లెయిమ్ నిలబడదు. బంగారం లెక్కలకు రాదు, పుస్తెలతాడు చెక్‌ఇన్ బ్యాగ్‌ల పెట్టేటోళ్ళు ఇప్పటికీ ఉన్నరు.

పిల్లలమర్రి

మందులు గూడ చేతి బ్యాగ్‌లనే. టూర్ రోజులకు ఇంకో వారం ఎక్కువ. చీటీ మీద కంపెనీ పేరు కాకుండ మందు పేరు రాయించుకోండి, మన బ్రాండ్ పేర్లు అక్కడి ఫార్మసీల తెల్వయి. స్విట్జర్లాండ్‌ల యుంగ్‌ఫ్రాయోక్ అనే మంచుకొండ మీదికి ఎక్కిస్తరు, అది 3,454 మీటర్ల ఎత్తు. స్టెంట్ ఉన్న మనిషి పోయే ముందు గుండె డాక్టర్‌ను అడిగి, పోవచ్చని కాగితం మీద రాయించుకునుడు మేలు. డాక్టర్ వద్దన్నంక పోతే, ఆ క్లెయిమ్ కొట్టేసేటందుకు పాలసీల మాట ఉండనే ఉంటది.

క్లెయిమ్ కాదంటే కంపెనీకి రాతపూర్వకంగ ఫిర్యాదు పెట్టాలె. నెల చూసి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్ బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు, 50 లక్షల దాక వింటరు. ఏడాది దాటనియ్యొద్దు.

లతీఫ్‌సాబ్_గుట్ట

అందరికీ దండాలు. ఇయ్యాల టూర్ కంపెనీ దగ్గర సర్టిఫికెట్ తెప్పిచ్చిన. ఏరియా: షెంజెన్. పాత జబ్బు ఎదురుంగ "నిల్". తేదీలు మే 12 నుంచి 19. సబ్ లిమిట్ పట్టిక లేదు. మాస్టర్ పాలసీ అడిగితే "మెయిల్ చేస్తం" అన్నరు. పెదనాన్న ఇది చూసినంక వేరేది కొందాం అన్నడు, స్టెంట్ రాసే కొందాం అన్నడు.

వనపర్తి_సంస్థానం

తేదీ గూడ తప్పే. 19 రాత్రి ఇటలీల విమానం ఎక్కితే శంషాబాద్‌ల దిగేది 20 నాడు. 9 నుంచి 11 దాక లండన్ల ఏరియా లేదు, తేదీ గూడ లేదు.

నందికొండ

వీసా అప్లికేషన్ ఇంకా వెయ్యకపోతే కొత్త పాలసీ సర్టిఫికెట్టే పెట్టండి. తేదీలు 9 నుంచి 22 దాకా రాయించండి, విమానం ఒకరోజు ఆగినా ఇబ్బంది ఉండదు. అర్ధరాత్రి దాటాక ఎగిరే విమానమైతే మాత్రం మొదటి తేదీ ఇంకోసారి చూడండి. 9 తెల్లవారుజామున 3 గంటల విమానానికి ఎయిర్‌పోర్ట్‌లో ఉండేది 8 రాత్రి. ఇండియాలోనే కొనాలి, అక్కడ దిగాక మన కంపెనీలు మామూలుగా ఇవ్వవు. కొన్న రోజే పేర్లు పాస్‌పోర్ట్‌తో అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ముందూ వెనకా అయితే వీసా కౌంటర్‌లోనే ఆపుతారు.